లోపలి రేటు

“ఇరవై” అన్నాడు దత్తాద్రి.

ఆ అమ్మాయి ఇచ్చిన కాగితం మీద బొమ్మను ఒకసారి చూశాడు. తలెత్తి మబ్బును ఒకసారి చూశాడు. అంతే, లెక్క అయిపోయింది.

“ఇరవై ఏంటండీ?”

“లక్షలు.”

“ఎలా వచ్చింది ఇరవై?”

“ఎట్లచ్చుడేంది మేడం? అందాజ. పదేండ్ల సంది గిదే పని జేస్తున్న.”

“ఇనుము ఎన్ని కిలోలు? కూలి ఎన్ని రోజులు? కడాయిల రేకు మందం ఎంత?”

“గదంత నా దిమాగుల ఉన్నది.”

“మీ దిమాగుని ఫైల్లో పెట్టి బ్యాంకుకి ఇవ్వలేను కదండీ.”

పక్కన స్టూలు మీద కూర్చున్న నాకు నవ్వు ఆగలేదు. దత్తాద్రి నా వైపు గుర్రుగా చూశాడు. వాడు నా అక్క కొడుకు. నా పేరు రాజేశ్వర్. ఆ రోజు విరిగిన నాగలి కర్రు అతికించుకుందామని వాడి వెల్డింగ్ షాపుకి పోయాను. చదువు ఏడో తరగతిలో ఆగిపోయినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి. ఈ కథలో నేను పెద్దగా చేసిందేమీ లేదు. ఒక్కచోట తల ఊపాను. ఆ ఊపిన తల కోసమే ఇదంతా రాస్తున్నాను.

సంగతి ఏమిటంటే, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఎడపల్లి చెరుకు ఎక్కడెక్కడికో పోతోంది. కొందరు విసిగిపోయి వరికి మళ్ళారు. మిగిలిన రెండువందల పన్నెండు మందిమి సంఘం పెట్టుకుని, తలా పదివేలు వేసి, సొంతంగా బెల్లం బట్టీ కట్టుకుందామని తీర్మానించాం. మిగతాది బ్యాంకు ఇవ్వాలి. బ్యాంకుకి అంచనా కావాలి. మా సంఘం అధ్యక్షుడు వెంకట్రావు గారు. వాళ్ళ నాన్న కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్న కుటుంబం. ఆయన కూతురే ఈ కల్యాణి. హైదరాబాదులో పెద్దపెద్ద కట్టడాలకు ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టే పనిలో నాలుగేళ్ళు ఉంది. ఇప్పుడు మన బట్టీకి లెక్క కట్టడానికి వచ్చింది.

“ఒక్క రేటు కాదు, మూడు చెప్పండి” అంది కల్యాణి. “అన్నీ కలిసొస్తే ఎంత, మామూలుగా అయితే ఎంత, అన్నీ అడ్డం తిరిగితే ఎంత.”

“ఒక్క షెడ్డుకు మూడు రేట్లు జెప్తే మమ్మల్ని దొంగలంటరు మేడం.”

“మా ఆఫీసులో ఒక్క రేటు చెప్పేవాళ్ళనే అలా అనేవాళ్ళం.”

దత్తాద్రికి కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ రోజు రెండూ ఎర్రబడ్డాయి.

“నీ పేరు ఏం పేరు బిడ్డా?” లోపలి నుంచి మా బావ ముత్తన్న గొంతు వినిపించింది. షాపు పెట్టింది ఆయనే. ఇప్పుడు కళ్ళు సరిగా ఆనక కుర్చీలో కూర్చుని పని చూస్తుంటాడు.

“కల్యాణి, పెదనాన్నా.”

“గా ఎండల నిలబడి కొట్లాడుడెందుకు, లోపల కూసోని కొట్లాడుండ్రి.”

లోపలికి అడుగుపెట్టిన కల్యాణి అక్కడే ఆగిపోయింది. ఎదురుగా రేకుల గోడ. ఆ గోడ నిండా రెడ్ ఆక్సైడ్ రంగుతో గీసిన బొమ్మలు, అంకెలు. ముత్తన్న బావకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. అందుకని చేసిన ప్రతి పనికీ ఒక బొమ్మ వేసి, పక్కన మూడు అంకెలు రాస్తాడు. ముప్పై ఏళ్ళ పని అంతా ఆ గోడ మీదే ఉంది.

“ఇవేంటి పెదనాన్నా?”

“మొదటిది చెప్పింది. నడుమది తెగింది, అంటే బేరమాడినంక ఎంతకు ఒప్పుకున్నమో గది. ఆఖరిది అయింది.”

కల్యాణి గోడ దగ్గరికి వెళ్ళి వేలితో ఒక్కో వరుసా చదివింది. ట్రాక్టరు ట్రాలీ బొమ్మ: నాలుగు, మూడు, రెండు ఎనభై. నీళ్ళ ట్యాంకు బొమ్మ: ఒకటి, డెబ్బయి ఐదు వేలు, డెబ్బయి. అది నాదే.

“ట్రాలీ ఎవరిది?”

“మీ నాయినదే” అన్నాడు ముత్తన్న.

“దత్తాద్రి గారూ” ఆమె వెనక్కి తిరిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. “అన్నీ దిమాగులో ఉన్నాయన్నారు. గోడ మీద ఉన్నాయి! ఇంత డేటా మా కంపెనీలో కూడా లేదు.”

వాడి చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఈసారి కోపంతో కాదు.

*

ఆ తర్వాత మూడు వారాలు వాళ్ళిద్దరూ కలిసి తిరిగారు. పని మీదే లెండి.

నేను కొన్నిసార్లు వెంట ఉన్నాను కాబట్టి నాకు అర్థమైనంత చెప్తాను. ఖర్చు అంచనా వేయడానికి దారులు చాలానే ఉన్నాయట. మొదటిది పోలిక. మూడేళ్ళ కింద కామారెడ్డి వైపు ఒకరు ఇలాంటి బట్టీ కట్టారు, వాళ్ళకు ఇరవై ఎనిమిది లక్షలైంది. మనది కాస్త పెద్దది, ఇనుము రేటు పెరిగింది, కాబట్టి మనకు ఎంత కావచ్చు?

“గదే సరిపోదా మరి?” అని అడిగాను.

“పోలికతో వీధి దొరుకుతుంది బాబాయ్, ఇల్లు దొరకదు” అంది కల్యాణి.

రెండోది కొలత. అడుగుకు ఇంత, కిలోకు ఇంత అని. మూడోది కింది నుంచి లెక్క. నట్టు, బోల్టు, వెల్డింగ్ రాడ్డు, కూలీల చాయ్ దాకా ఒక్కోటి రాసి కూడడం. ఇది చాలా రోజులు పడుతుంది, కానీ నమ్మదగ్గది ఇదేనట.

ఆ కింది లెక్క దగ్గరే దత్తాద్రి గురువయ్యాడు.

“ఇరవై ఫీట్ల పైపు. ఆరు ఫీట్ల ముక్కలు మూడు గోసిన. ఇగో, రెండు ఫీట్ల తుకుడ మిగిలింది. దీన్ని యాడ రాస్తరు మీ కంప్యూటర్ల?”

కల్యాణి ఆ ముక్కను చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి కొత్త గడి పెట్టి, దాని పేరు ‘తుకుడలు’ అని కొట్టింది.

“నాలుగేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు ఇది.”

“మీ ఇంజనీర్లు తుకుడలు ఏరుకోరు గద మేడం.”

“మేడం అనడం ఎప్పుడు మానేస్తారు?”

“మంచిగైతే రేపు” అన్నాడు వాడు. “మామూలుగైతే పది రోజులు. మీ నాయిన పక్కనుంటే ఎన్నడు మాన.”

మూడు రేట్లు చెప్పడం అప్పటికే వాడి నాలుక మీదికి వచ్చేసింది. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నా పనేదో నేను చూసుకున్నాను.

*

ఒక రోజు బోధన్‌లో మజహర్ భాయ్ ఇనుము దుకాణానికి రేట్ల కోసం పోయారు, దత్తాద్రి కొత్త బండి మీద. తిరిగి వచ్చేటప్పుడు వాన. మామూలు వాన కాదు, ఎదురుగా ఉన్న బస్సు కనబడని వాన. ఇద్దరూ దుకాణం రేకు కింద నిలబడ్డారు. తర్వాత దత్తాద్రి నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“గీ వాన ఎప్పుడు తగ్గుతదో మీ లెక్కల దొరుకుతదా?” అన్నాడు వాడు.

“వానకి వద్దు. నాకు మీ మూడు రేట్లు కావాలి. మూడు వారాల నుంచి తప్పించుకుంటున్నారు.”

వాడు బండి సీటు మీద నీళ్ళు తుడిచాడు. మళ్ళీ తడిసింది. మళ్ళీ తుడిచాడు.

“పదమూడు. పద్నాలుగున్నర. పంతొమ్మిది.”

ఆమె ఆశ్చర్యంగా చూసింది. తడి సీటు మీద వేలితో రాస్తూ కూడింది. “మొదటిది ఒకసారి, మధ్యది నాలుగుసార్లు, చివరిది ఒకసారి. మొత్తం తొంభై. ఆరుతో భాగిస్తే పదిహేను.”

“నడుమదాన్ని నాలుగుసార్లు ఎందుకు?”

“రోజూ జరిగేది అదే కాబట్టి. బాగా మంచిరోజూ, బాగా చెడ్డరోజూ ఎప్పుడో ఒకసారి వస్తాయి. వాటికి విలువ ఇవ్వాలి కానీ, వాటి మీద ఇల్లు కట్టుకోకూడదు.”

కల్యాణి అక్కడితో ఆగలేదట.

“మరి ఆ రోజు ఇరవై అన్నారు. మిగతా ఐదు ఎవరికి?”

“మీ నాయినకు.”

“ఏంటీ?”

“మీ నాయిన పావు కొయ్యంది సంతకం పెట్టడు. ఆయనొక్కడే గాదు, గీ చుట్టుపక్కల ఎవలైన గంతే. మా మామ సుత. ఎట్లైన కోస్తరని ముంగటనే తోక అతికించి చెప్తం. వాళ్ళు తోక కోసుకుంటరు, గెలిచినమనుకుంటరు. ఇద్దరం ఖుష్.”

“అంటే పదిహేను…”

“లోపలి రేటు. మా బాపుకు దప్ప ఎవ్వలికి జెప్పలె గిన్ని రోజులు.”

వాన ఇంకా పడుతూనే ఉంది. సీటు మీద రాసిన అంకె కరిగిపోయింది. కల్యాణి అక్కడే మళ్ళీ పదిహేను రాసింది.

“నేను తోక అతికించను” అంది. “మీ పేరు పక్కన పదిహేనే రాస్తాను. ఏదైనా జరగరానిది జరిగితే వాడుకోవడానికి అని మూడు లక్షలు వేరే వరుసలో, అందరికీ కనబడేట్టు పెడతాను. దాచకుండా. సరేనా దత్తూ?”

“దత్తాద్రి గారు యాడికి పోయిండు?” అన్నాడు వాడు.

“వానలో కొట్టుకుపోయాడు.”

*

ఆగస్టు మొదటి ఆదివారం మీటింగు. మొత్తం అంచనా నలభై ఒకటి. క్రషరు, పొయ్యి, కరెంటు, బోరు, అన్నీ వరుసగా. దత్తాద్రి పని పదిహేను. అడుగున ‘అనుకోని ఖర్చు’ మూడు.

వెంకట్రావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. కూతురు చేసిన లెక్క అని ముఖంలో గర్వం కనిపిస్తూనే ఉంది. కానీ చెయ్యి అలవాటు ప్రకారం పెన్ను తీసింది.

“ఇదేంటమ్మా, అనుకోని ఖర్చు? అనుకోనిదాన్ని ముందే ఎలా అనుకుంటారు? తీసెయ్.” ఒక గీత గీశారు. “దత్తాద్రీ, పదిహేనేంటయ్యా? పదకొండుంబావు చెయ్.” ఇంకో గీత.

“నాన్నా, అది బేరానికి పెట్టిన రేటు కాదు. ప్రతి లైనుకీ కింద వివరం ఉంది.”

“రేటు అన్నాక బేరం ఉంటుందమ్మా. ఏమంటారు అందరూ?”

అప్పుడే నేను తల ఊపాను. చంద్రయ్య ఊపాడు, రాజారాం ఊపాడు, అందరం ఊపాం. నీళ్ళ ట్యాంకు కట్టించినప్పుడు పావు కోయించుకున్నవాణ్ణి నేను. దత్తాద్రి లోపల ఇంకా ఉంచుకునే ఉంటాడని నాకు పూర్తి నమ్మకం. మేనల్లుడైనా సరే.

కల్యాణి దత్తాద్రి వైపు చూసింది. ఇప్పుడు నువ్వు చెప్పు అన్నట్టు.

వాడు నేల చూశాడు. తర్వాత ఆమె వైపు కాకుండా వెంకట్రావు గారి వైపు చూశాడు.

“సరే సార్. పదకొండుంబావు.”

చప్పట్లు కొట్టాం. చాయ్ వచ్చింది. కల్యాణి చాయ్ తాగలేదు. బయట బండి తీస్తున్న దత్తాద్రి దగ్గరికి వెళ్ళింది. గుమ్మంలో ఉన్న నాకు ప్రతి మాటా వినబడింది.

“ఎలా ఒప్పుకున్నావు?”

“అయితది తియ్.”

“అయితదా? పదకొండుకి అయ్యేపనైతే నాకు పదిహేను ఎందుకు చెప్పావు? లోపలి రేటు అన్నావు. ఎవరికీ చెప్పలేదన్నావు. లోపల ఇంకో లోపల ఉందా నీకు?”

“గట్ల గాదు కల్యాణీ…”

“నాకూ తోక అతికించావు. అంతే కదా?”

వాడు బండి స్టాండు తీసి మళ్ళీ వేశాడు. ఆమె చున్నీ సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను షాపుకు పోయి అడిగాను. “ఎంత మిగులుతదిరా నీకు?”

“మిగిలేదేం లేదు మామా. నా జేబులకెళ్ళి పోతది, మూడు ముప్పావు.”

“మరి కాదని ఎందుకనలె?”

“కాదంటే ఏమంటరు? కల్యాణి లెక్క తప్పంటరు. గా పిల్ల మనూర్ల జేసిన మొదటి లెక్క. తండ్రి ముంగట, నలుగురి ముంగట తప్పయితది. గామె ఎంత ఖుషీతోని అచ్చిందో సూసినవు గద.”

“గదే ఆమెకు చెప్పరాదు?”

“చెప్తే మళ్ళ మీటింగు పెట్టిస్తది. వద్దు. నువ్వు సుత చెప్పకు, నా మీద ఒట్టు.”

ఒట్టేశాను. వేయకుండా ఉండాల్సింది.

*

పని మొదలైంది. కల్యాణి రోజూ వచ్చేది, కొలతలు చూసేది, వెళ్ళిపోయేది. ఏదైనా అడగాలంటే సంఘం వాట్సాప్ గ్రూపులో అందరికీ కనబడేలా అడిగేది. “దత్తాద్రి గారూ, రెండో కడాయి రేకు మందం తెలుపగలరు.” వాడు “8 ఎంఎం మేడం” అని పెట్టేవాడు. గారు తిరిగొచ్చారు, మేడం తిరిగొచ్చింది. ఆ గ్రూపులో పొద్దున్నే పువ్వుల బొమ్మలు పెట్టేవాణ్ణి నేను. వాళ్ళిద్దరి మెసేజీల మధ్య ఆ పువ్వులు నాకే ఎబ్బెట్టుగా కనిపించి మానేశాను.

ఆమె ఇంకోటి కూడా గమనించింది. దత్తాద్రి బండి మీద రావడం మానేశాడు. ఊరవతలున్న బట్టీకి నిజామాబాద్ బస్సులో వచ్చి, రోడ్డు దగ్గర దిగి నడుచుకుంటూ వస్తున్నాడు. తనకు ఎదురుపడకుండా ఉండటానికే అలా చేస్తున్నాడని ఆమె అనుకుంది.

ఆగస్టు చివర రెండు రోజులు ఎడతెగని వాన కురిసింది. పొయ్యి కోసం తవ్విన గుంత గోడలు కూలి, కట్టిన ఇటుక వరుసలు మూడు లోపలికి జారాయి. నీళ్ళు తోడాలి, మట్టి ఎత్తాలి, మళ్ళీ కట్టాలి. అనుకోని ఖర్చు వరుస మీద వెంకట్రావు గారి పెన్ను గీత అప్పటికే పడి ఉంది. సంఘం దగ్గర పైసా లేదు. బ్యాంకు రెండో విడత ఇవ్వాలంటే పని ఇంత దాకా అయిందని చూపించాలి. చూపించడానికి అక్కడ బురద గుంత ఉంది. రెండువందల పన్నెండు మంది పదివేలు ఆ గుంతలో ఉన్నాయి.

కల్యాణి వాన తగ్గగానే వచ్చి చూసింది. దత్తాద్రి ఇద్దరు కూలీలతో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మోటారు పెట్టి తోడుతున్నాడు.

“మోటారు ఎవరిది?” అని పైనుంచి అడిగింది.

“కిరాయిది.”

“కిరాయి ఎవరు ఇస్తున్నారు?”

వాడు వినబడనట్టు మోటారు శబ్దం వైపు తిరిగాడు.

ఆమె ఇంకేమీ అడగలేదు. నేరుగా షాపుకి వెళ్ళింది. ఆ సమయంలో నేను అక్కడే ముత్తన్న బావతో కూర్చుని ఉన్నాను. ఆమె మా ఇద్దరినీ పలకరించకుండా గోడ దగ్గరికి పోయింది.

కింది వరుసలో కొత్త బొమ్మ. మూడు కడాయిలకు గుర్తుగా మూడు గుండ్రాలు. పక్కన అంకెలు. చెప్పింది: పదిహేను. తెగింది: పదకొండుంబావు. అయింది అన్న చోట రోజూ చెరిపి రాస్తున్నట్టు ఎర్రగా అలికి ఉంది. దాని మీద తాజాగా: పన్నెండు పది.

“పెదనాన్నా, ఇంకా ఏం మిగిలింది?”

“చిమ్నీ ఒకటి, కడాయిలు రెండు. ఇంక మూడు దాక అయితయి బిడ్డా.”

ఆమె కూడింది. పెద్ద లెక్కేమీ కాదు. పన్నెండు, మూడు.

పదిహేను.

అలికిన అంకె మీద వేలు పెట్టింది, ఎరుపు అంటింది. తర్వాత మెల్లగా అడిగింది. “బండి ఏది?”

ముత్తన్న నా వైపు చూశాడు. నేను ఒట్టు వేసినవాణ్ణి, నేల చూశాను. ముత్తన్న ఒట్టు వేయలేదు.

“అమ్మేసిండు. రేకు తక్కువ మందంది తెమ్మన్న, ఎవలకెర్క అన్న. ‘కల్యాణి 8 ఎంఎం అని రాసింది బాపు’ అన్నడు.”

*

మర్నాడు సంఘం మీటింగు షాపులో పెట్టాలని కల్యాణి పట్టుబట్టింది. గోడ ముందు కుర్చీలు వేసింది నేనే. దత్తాద్రికి విషయం తెలియదు. బురద కాళ్ళతో లోపలికి వచ్చి, అందరినీ చూసి బిత్తరపోయాడు.

“నాన్నా, ఆ ట్రాలీ వరుస చదువు” అంది కల్యాణి.

వెంకట్రావు గారు చదివారు. “నాలుగు. మూడు. రెండు ఎనభై.” కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివారు. “ఏం ముత్తన్నా? ఆ రోజు లక్ష కోయించానని ఇంట్లో పాయసం వండించానయ్యా!”

“నీ పాయసం నేను సుత తాగిన సార్” అన్నాడు ముత్తన్న.

అందరూ నవ్వారు. రాజారాం లేచి తన వరుస వెతుక్కున్నాడు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కరూ ఆగిపోయారు. ప్రతి వరుసలోనూ మూడో అంకె రెండోదానికి దగ్గరగానే ఉంది. ఒక్క చివరి వరుసలో తప్ప. అక్కడ మూడోది మొదటిదాని వైపు పోతోంది.

“ముప్పై ఏళ్ళలో లోపల ఏమీ ఉంచుకోకుండా చెప్పిన రేటు ఇదొక్కటే” అంది కల్యాణి. వేలు ఆ చివరి వరుస మీదే ఉంది. “అలాంటి రేటు మన దగ్గర ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి, మీకు గుర్తుపట్టడం రాలేదు. నాకూ రాలేదు. నేనే ఆయన్ని అబద్ధాలకోరు అన్నాను.”

అప్పుడు లేచాను నేను. ఎందుకు లేచానో తెలియదు. “ఆ రోజు నేను తల ఊపిన. మేనమామను, వాని సంగతి నాకెర్కుండాలె. తప్పు నాది” అన్నాను. అంత చెప్పి కూర్చున్నాను.

వెంకట్రావు గారు దత్తాద్రి బురద కాళ్ళ వైపు చూశారు. పెన్ను తీశారు. అంచనా కాగితం తెరిచి, తను గీసిన రెండు గీతల మీద “ఉండాలి” అని రాసి, రెండు చోట్లా సంతకం పెట్టారు. “తలా ఇంకో పదిహేనువందలు వేద్దాం. అనుకోని ఖర్చు మూడు లక్షలు దాంతో నిండుతుంది, ఆ గుంత లేపుదాం. దత్తాద్రి మూడు ముప్పావుకి బ్యాంకుతో నేను మాట్లాడతాను.”

“ఇక మీద ఇక్కడ బేరం వద్దు నాన్నా” అంది కల్యాణి. “తగ్గించాలనిపిస్తే ఏ లైను, ఎందుకు అని అడగండి. జవాబు లేకపోతే అప్పుడు కోయండి.”

“అలాగేనమ్మా.”

“మాటివ్వు.”

“మాట. అలవాటు పోవడానికి మాత్రం టైం పడుతుంది. అది నీ అంచనాలో వేసుకో.”

*

అందరూ వెళ్ళిపోయాక దత్తాద్రి బయట కాళ్ళు కడుక్కుంటున్నాడు. కల్యాణి చెంబుతో నీళ్ళు పోసింది. నేనూ బావా లోపలే ఉన్నాం. చెవులు మూసుకోవాలని ఎవరూ చెప్పలేదు.

“ఎందుకు చెప్పలేదు నాకు?”

“నీ లెక్క తప్పు గావద్దని.”

“నా లెక్క సరైనదే అని చెప్పే ధైర్యం నీకు లేకపోయింది. రెండూ ఒకటి కాదు దత్తూ.”

వాడు ఒప్పుకున్నాడు. “గది నిజమే.”

“నా కోసం నువ్వు మోసిన బరువు నాకు కనబడకపోతే, అది తోక అతికించినట్టే. ఇకమీద నీ దగ్గర ఏదైనా సరే, లోపలి రేటే కావాలి.”

“ఏదైన?”

“ఏదైనా.”

నీళ్ళ చప్పుడు ఆగింది.

“నువ్వంటే నాకు పానం” అన్నాడు వాడు. “తోక లేదు. ఒక్కటే రేటు.”

చెంబు కింద పడింది. ఏం పగలలేదు, స్టీలుది.

“ఒక్క రేటు చెప్పేవాళ్ళని ఏమంటామో చెప్పాను కదా” అంది. “సరే. ఇప్పుడు కష్టమైన అంచనా. మా నాన్న ఒప్పుకోవడానికి ఎన్ని రోజులు?”

“మంచిగైతే పది రోజులు. మామూలుగైతే నాలుగు నెలలు.”

“అన్నీ అడ్డం తిరిగితే?”

“గా గడి ఖాళీ పెట్టిన.”

“ఖాళీ పెడితే అంచనా వాపసు వస్తుంది.”

“అయితే బతికినన్ని రోజులు అని రాయి.”

ఆమె నవ్విందో ఏడ్చిందో లోపలున్న మాకు తెలియలేదు. “అంత వేస్తే లెక్క కుదరదు. ఏడాది వేస్తాను. పది, నాలుగుసార్లు నూట ఇరవై, మూడువందల అరవై ఐదు… ఆరుతో భాగిస్తే నూట నలభై రెండున్నర రోజులు.”

పక్కన ముత్తన్న బావ గోడ వైపు తడుముకుంటూ లేచి, రంగు డబ్బా ఎక్కడుందో చూపించమన్నాడు. మూత తెరిచిన పెట్టె బొమ్మ ఒకటి గీశాడు. ల్యాప్‌టాప్ అన్నమాట. పక్కన నూట నలభై రెండు.

*

డిసెంబరు రెండో వారంలో మొదటి కడాయి పొంగింది. చెరుకు రసం నురగ ఎత్తి, రంగు తిరిగి, చిక్కబడుతుంటే రెండువందల మంది చుట్టూ నిలబడి ఊపిరి బిగబట్టి చూశాం. చిమ్నీ పొగ నిటారుగా లేచింది. దత్తాద్రి వెంకట్రావు గారి చేతిలో వేడి బెల్లం ముక్క పెట్టాడు.

ఆయన నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ మూసిన కళ్ళ ముందే వాడు మొదలుపెట్టాడు.

“సార్, నాకు కల్యాణిని ఇయ్యుండ్రి. మాది వేరే కులం. ఇల్లు రెండు అర్రలు. షాపు మీద నెలకు ముప్పై అయిదు వేలు వస్తయి, వానకాలం ఇరవై. కోపమస్తే చెవులు ఎర్రగైతయి, మాట పెగలదు, గది మార్చుకుంట. గింతే ఉన్నది. ఉంచి చెప్పలె.”

వెంకట్రావు గారు కళ్ళు తెరిచారు. కూతురి వైపు చూశారు. ఆమె పొయ్యి వెలుగులో నిలబడి చూపు తిప్పుకోలేదు.

“వానాకాలం ఇరవై అని ఎవరైనా పిల్లనడిగేటప్పుడు చెప్తారటయ్యా?” అన్నారు ఆయన.

“చెప్పాల్నని మీ బిడ్డనే నేర్పింది.”

ఆయన ఇంకో బెల్లం ముక్క తీసుకుని నిదానంగా నమిలారు. “ఊఁ… సరే. ఎప్పుడనుకుంటున్నారు?”

“మాఘమాసంల.”

“మాఘం వద్దు, ఫాల్గుణం చేసుకుందాం.”

“నాన్నా!” కల్యాణి వేలు చూపించింది. “ఏ లైను? ఎందుకు?”

ఆయన తల గోక్కున్నారు. “మాఘంలో చెరుకు నరికే కూలీలు దొరకరమ్మా. ఉన్నవాళ్ళం అందరం మీ పెళ్ళి పందిట్లో ఉంటే బట్టీ ఎవరు నడుపుతారు?”

కల్యాణీ దత్తాద్రీ ఒకరినొకరు చూసుకున్నారు. కారణం సరిగ్గానే ఉంది.

“మంజూరు” అంది కల్యాణి.

ఆ సాయంత్రం షాపులో ముత్తన్న బావ నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి నడిచాడు. పెట్టె బొమ్మ పక్కన నూట నలభై రెండు ఉంది. నేను వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. అయింది: నూట రెండు. ఆయన రాశాడు.

దత్తాద్రి ఆ వరుస చూసి కల్యాణి వైపు తిరిగాడు. “నలభై రోజులు ఎక్కువ జెప్పినవు. నువ్వు సుత ఉంచి చెప్పినవా?”

ఆమె ముఖం ఎర్రబడింది. మొదటిసారి.

“మా నాన్న సంగతి నాకు తెలుసు” అంది. “మహా అయితే నాలుగు నెలలే. ఏడాది అని నేనే వేశాను.”

“ఎందుకు?”

“కాదంటారేమోనని భయమేసింది. ఆ గడిలో వేసింది భయం.”

వాడు రంగు డబ్బాలోంచి కుంచె తీసి ఆమె చేతికిచ్చాడు. కల్యాణి గోడ దగ్గరికి వెళ్ళి, పెట్టె బొమ్మను ఆనుకుని ఉండేలా చిన్న ఇనుప పైపు ముక్క గీసింది. రెండడుగుల తుకుడ, అంటే దత్తాద్రి అన్నమాట. దాని ఎదురుగా ఏ అంచనా వేయకుండా మూడు గడులూ ఖాళీగా వదిలి కుంచె కడిగేసింది.